చట్రంలో ఏడు పురుగులు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు నాలుగో నంబరు ట్యాంకులో చివరి చేప చచ్చిపోయింది. అప్పటికే ముప్ఫై చేపలు నీటి మీద తేలుతున్నాయి. చేపల సంగతి అలా ఉంచితే, ట్యాంకు మధ్యలో రాతి మీద ఇరవై రెండేళ్లుగా పెరుగుతున్న పగడం కూడా ఆ పూటే పోయింది. చిటికెన వేలంత ముక్కగా వచ్చినది, రెండు చేతులూ చాచినా కౌగిట్లోకి రానంత అయింది. అది పుట్టిన దిబ్బ సముద్రంలో ఎప్పుడో చచ్చిపోయింది. ఆ రకంలో అప్పటిదాకా బతికి ఉన్నది ఇదొక్కటే. అక్కడి పనివాళ్లు దాన్ని ముసలమ్మ అని పిలుచుకునేవారు.

నన్ను పిలిచింది గురువారం పొద్దున. పిలిచింది ఆ సముద్రజీవుల కేంద్రం వాళ్లు కాదు. వాళ్లకు డిటెక్టివ్ అప్పటికే ఉన్నాడు. నా దగ్గరకు వచ్చినావిడ ఆసుపత్రిలో నర్సు. ట్యాంకులు చూసుకునే ఉప్పుమామయ్యకు సొంత చెల్లెలు. ఉప్పు తూచి, నీళ్లలో కలిపి, సముద్రపు నీళ్లు తయారుచేయడం ఇరవై ఆరేళ్లుగా ఆయన పొద్దుటి పని. అందుకే ఊరందరికీ ఆయన ఉప్పుమామయ్య.

"మా అన్నయ్య ట్యాంకులో విషం కలిపాడంటున్నారు మేడమ్. ఈ సాయంత్రం ఐదింటికి నేరం ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాలట. పెడితే అక్కణ్నించి అటే పోలీసులు తీసుకెళ్తారు."

"ఆయనేమంటున్నారు?"

"ఏమంటాడు. పెన్ను ఎక్కడుందని అడుగుతున్నాడు."

పదకొండూ ఇరవైకి మేమిద్దరం కేంద్రం వెనక గేటు దాటాం. టైము రాసుకున్నాను. రాత పని ఇదివరకు మా ఆయన చూసేవారు. ఆయన పోయి ఏడు నెలలైంది. ఇప్పుడు నేనే రాసుకుంటున్నాను కాబట్టి గంటలూ నిమిషాలూ అవసరానికి మించి రాస్తాను.

ఉప్పుమామయ్య పంపుల గదిలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. చేతులు మోచేతుల దాకా ఉప్పుకి పగిలి ఉన్నాయి. చెల్లెల్ని చూసి లేవబోయాడు.

"కూర్చో. లేచి ఏం ఉద్ధరిస్తావు," అందావిడ.

"మామయ్యా, మంగళవారం మీరు చేసిన పనులు వరసగా చెప్పండి," అన్నాను.

"నేనే చంపానమ్మా."

"అది ఆఖర్న చెబుదురు గాని. ఎనిమిదింటికి ఏం చేశారు?"

ఆ ప్రశ్న ఆయనకు కాస్త ఊపిరినిచ్చినట్టుంది. ఎనిమిది నుంచి పదీ ముప్పావు దాకా ఇదే గదిలో ఉప్పునీళ్లు కలిపాడు. తర్వాత నాలుగో ట్యాంకు దగ్గరకు వెళ్లాడు. రోజూ పదకొండింటికి అక్కడ పురుగుల లెక్క చూడాలి.

"ఏ పురుగులు?"

ఆయన గూట్లోంచి ఒక చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టాడు. స్పిరిట్‌లో నాలుగు పురుగులున్నాయి. బియ్యపు గింజంత పొడవు. కాగితం ముక్కలా బల్లపరుపుగా, తుప్పు రంగులో ఉన్నాయి. తోక చివర రెండుగా చీలి ఉంది.

"ఎర్రపురుగులంటాం. నెల కిందట కొత్త రాయితో పాటు వచ్చాయి. ఇవి పగడాన్ని కొరకవమ్మా. కొరికే రకం వేరు, దాని రంగు పగడం రంగులోనే ఉండి కంటికి ఆనదు. వీటికి వెలుతురు కావాలి, అంతే. పగడం మీద దుప్పటిలా పరుచుకుంటాయి. కింద దానికి వెలుతురందక నీరసించిపోతుంది. ఒకటి తెగితే రెండవుతుంది. రెండు నాలుగవుతాయి."

"మరి చంపేయడమే కదా."

"అక్కడే ఉంది చిక్కు. వీటి ఒంట్లో విషముంది. బతికున్నంతసేపూ లోపలే ఉంచుకుంటాయి. చస్తే నీళ్లలోకి వదిలేస్తాయి. పది చస్తే పర్లేదు. పదివేలు ఒక్కసారి చస్తే ట్యాంకులో ఏదీ మిగలదు. అందుకని ముందు గొట్టంతో లాగేయాలి. మూలకో దీపం పెడితే వెలుతురుకి అక్కడికొచ్చి చేరతాయి, లాగేయాలి. రోజూ లాగాలి. బాగా తగ్గాకే మందు. మందు వేసిన వెంటనే విషాన్ని పీల్చుకునే బొగ్గు సంచి పెట్టి, సగం నీళ్లు మార్చేయాలి."

"బాగా తగ్గాయని ఎలా తెలుస్తుంది?"

ఆయన గోడకున్న మేకు మీంచి ఇనప తీగతో చేసిన చట్రం తీశాడు. అరచెయ్యంత ఉంది. రోజూ పదకొండింటికి, అద్దం మీద ఒకే చోట దాన్ని ఆనించి, లోపల కనపడ్డ పురుగుల్ని లెక్కపెట్టి పలక మీద రాస్తాడు. చట్రంలో పదికి మించి ఉంటే మందు సీసా ముట్టుకోకూడదు. ఈ నియమం ఏ పుస్తకంలోదీ కాదు. ఇరవై ఆరేళ్లలో ఆయన పెట్టుకున్నది.

పలక అక్కడే ఉంది. బుధవారం యాభై రెండు. గురువారం యాభై ఏడు. శుక్రవారం అరవై ఒకటి. శనివారం అరవై నాలుగు. ఆదివారం తొమ్మిది. సోమవారం ఎనిమిది. మంగళవారం ఏడు.

నేను ఆదివారం దగ్గర వేలు పెట్టాను.

"శనివారం పన్నెండింటికి ఆరుచారల చేపని వదిలానమ్మా. అది ఈ పురుగుల్ని తింటుంది. తినేసిందనుకున్నాను."

"ఒక్క పూటలో?"

"అప్పుడు సంతోషం పట్టలేక ఆలోచించలేదు."

మంగళవారం పదకొండింటికి ఏడు లెక్కపెట్టాడు. కనపడ్డవాటిని గొట్టంతో లాగేశాడు. పదకొండూ ఇరవై ఐదుకి మందు పోశాడు. పద్దెనిమిది మిల్లీలీటర్లు, నీటి కొలతకు సరిగ్గా సరిపోయేంత. పదకొండూ నలభైకి పురుగులు రాలడం మొదలైంది.

"రాళ్ల కింద నుంచి, సందుల్లోంచి. ఇటుక పొడి దులిపినట్టు రాలాయి. ఎక్కడున్నాయో అన్ని, నాకిప్పటికీ తెలీదు. బొగ్గు వెంటనే పెట్టాను. నీళ్లు రెండుసార్లు మార్చాను. ఒకణ్నే కదా. ఒంటిగంటా నలభైకి అయిపోయింది." చట్రాన్ని మేకుకి తగిలించి అన్నాడు. "ఏడు పురుగుల లెక్కకి ఇంత చావు రాదు. లెక్క తప్పదు. కాబట్టి నా చెయ్యే తప్పి ఉండాలి. ఏం పోశానో ఏమో."

వాళ్ల డిటెక్టివ్ సీలు వేసిన మందు సీసా గూట్లోనే ఉంది, దాని మీద ఆయన గీసిన గీత ఉంది. నేను కొలిచాను. పద్దెనిమిదే తగ్గింది. చెయ్యి తప్పలేదు. లెక్కా తప్పలేదు. చేపలు మాత్రం చచ్చాయి. నోటుబుక్కులో ఈ మూడూ ఒకదాని కింద ఒకటి రాసి, ఏది కొట్టేయాలో తెలియక అలాగే వదిలేశాను.

పన్నెండూ పదికి గడియారం వచ్చాడు. కేంద్రం వాళ్ల డిటెక్టివ్ ఇతనే, గడియారం అతని ముద్దుపేరు. రెండు చేతులకూ రెండు వాచీలు పెట్టుకుంటాడు. పన్నెండేళ్ల కిందట నా దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు నాకంటే పెద్ద ఆఫీసు పెట్టుకున్నాడు.

"అక్కా, నువ్వా? రిటైరయ్యావని విన్నాను."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్నా అందరికీ."

నర్సమ్మ అతని చేతుల వైపు చూసింది. "ఏమయ్యా, ఒకటి ఆగిపోతే రెండోది సాక్ష్యం చెబుతుందనా?"

"ఆగవండీ నావి," అన్నాడు. నవ్వలేదు. "అక్కా, నీకు టైము వృథా. మూడు ముక్కల్లో చెప్తా విను. ఒకటి, మంగళవారం పదకొండు నుంచి ఒంటిగంటా నలభై దాకా ఆ గదిలోకి వెళ్లింది మామయ్య ఒక్కడే. కెమెరా ఉంది. రెండు, ఆ పురుగుల మందు విషం కాదు. బకెట్లో రెండు చేపలు వేసి, రెట్టింపు మందు, అంటే రెండు చుక్కలు, పోశాను. రెండ్రోజులైంది, శుభ్రంగా తిరుగుతున్నాయి. కావాలంటే పైకొచ్చి చూడు. ఈ సంగతి స్టాఫందరికీ చెప్పాను కూడా, మందుని చూసి భయపడకండి అని. మూడు, పలక మీద అంకెలు దొంగవి. అరవై నాలుగు రాత్రికి రాత్రి తొమ్మిదెలా అవుతాయి? ఆ చారల చేప పొట్ట కోయించాను. లోపల నాలుగు పురుగులున్నాయి. నాలుగంటే నాలుగు. అంటే లెక్క తగ్గించి రాసి, మందు వేసే వంక పెట్టుకుని, ఇంకేదో పోశాడు."

"నీళ్ల పరీక్షలో ఏముంది?"

"ఏ విషం దొరకలేదు."

"దొరకలేదా?"

"మన ల్యాబుకు తెలియని విషం."

"రిపోర్టులో అలాగే రాస్తావా?"

మామయ్య తల దించుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. తనేమైనా తెలియని విషం పోశాడా అని నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది ఆ చూపు. నాకు అప్పుడు అర్థమైంది. ఈయన ఐదింటి దాకా ఆగడు. ఇంకో ఇద్దరు గట్టిగా చెబితే నాలుగింటికే సంతకం పెట్టేస్తాడు.

గడియారం చెప్పిన మూడూ నిజాలే అని నాకు అనిపించింది. మామయ్య చెప్పిందీ నిజమే అనిపించింది. రెండూ ఒకే గదిలో పట్టడం లేదు.

"కెమెరా చూపించు," అన్నాను.

మేడ మీద చిన్న గదిలో చూపించాడు. మంగళవారం పదకొండు నుంచి మొదలుపెట్టాడు. మామయ్య చట్రం ఆనించడం, వేలితో లెక్కపెట్టడం, లాగడం, పోయడం. ఆ తర్వాతది వద్దన్నాను, చూడలేక కాదు గాని, చూసినా కొత్తగా తెలిసేదేమీ లేదు.

"ఇంకా వెనక్కి తిప్పు."

"ముందు ఏముంటుంది? ఖాళీ గది."

"ఖాళీ గదే చూస్తాను."

విసుక్కుంటూ తిప్పాడు. పది ముప్పావుకి మామయ్య గదిలోకి రావడం. అంతకుముందు ఎవరూ లేరు. ఇంకా వెనక్కి వెళుతుంటే ఒక్కసారిగా తెర నల్లబడింది. ఆపమన్నాను. ముందుకు తిప్పించాను. పదిన్నర దాకా చీకటి. పదిన్నరకి ట్యాంకు మీద దీపాలు వెలిగాయి.

"మామయ్యా, దీపాలు ఎన్నింటికి వెలగాలి?" అని కింద ఉన్న ఆయన్ని ఫోన్లో అడిగాను.

"ఎనిమిదింటికమ్మా. సాయంత్రం ఆరుకి ఆరిపోతాయి. టైమర్ చూసుకుంటుంది, నేను ముట్టుకోను."

"వెలిగాక పురుగులు ఎంతసేపటికి బయటకొస్తాయి?"

"పూర్తిగా రావడానికి రెండు, మూడు గంటలు. అందుకే కదా పదకొండింటికి..." ఆయన మాట అక్కడ ఆగిపోయింది. ఫోన్లో పంపుల చప్పుడు మాత్రం వినిపించింది.

గడియారం సోమవారం తిప్పి చూశాడు, నేను అడగకుండానే. పదిన్నర. ఆదివారం, పదిన్నర. శనివారం మాత్రం ఎనిమిది.

"నువ్వు పదకొండు నుంచే ఎందుకు చూశావు?" అన్నాను.

"హత్య జరిగింది పదకొండు తర్వాత కాబట్టి."

"ట్యాంకు గదికి కిటికీ లేదు. దీపం వెలిగిన అరగంటకి ఆయన లెక్క చూశాడు. పురుగులు ఇంకా రాళ్ల కిందే ఉన్నాయి. ముందుగా లేచినవి ఏడు. పలక మీద రాసింది అబద్ధం కాదు. ఆయన చూసిన ఏడూ నిజం. ఆయన చూడని వేలూ నిజం. నీ బకెట్లో చేపలు బతికాయి, ఎందుకంటే నీ బకెట్లో పురుగులు లేవు."

అతను ఎడమ చేతి వాచీ చూసి, తర్వాత కుడి చేతిది చూశాడు. ఆ అలవాటు ఎప్పుడు మొదలైందో నాకు గుర్తు. ఇబ్బంది పడ్డప్పుడు ఏం చేయాలో తోచక.

"అయితే టైమర్ చెడిపోయిందంతే. ప్రమాదం. నీ క్లయింటు బయటపడ్డాడు. సంతోషమేగా."

"చెడిపోతే రోజుకో టైముకి వెలగాలి. మూడు రోజులూ పదిన్నరకే ఎందుకు వెలిగింది?"

ట్యాంకు గదిలోకి వెళ్లేసరికి ఒంటిగంటా ఐదైంది. ట్యాంకు ఖాళీ చేశారు. అడుగున ఇసుక మీద నీళ్లు ఎండిన గుర్తులు. వెనక గోడకు, తలుపు పక్కనే, ఒక ప్లగ్గు, దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. బోర్డులో రెండే ఉన్నాయి. ఒకటి దీపాల టైమర్. రెండోది కెమెరా. పంపులన్నీ వేరే లైను మీద ఉన్నాయి.

టైమర్ పాత రకం. గుండ్రటి చక్రం, దాని చుట్టూ ఇరవై నాలుగు గంటల అంకెలు, చిన్న చిన్న పళ్లు. కరెంటు ఉన్నంతసేపూ చక్రం తిరుగుతుంది. కరెంటు పోతే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, వస్తే ఆగిన చోటి నుంచి తిరుగుతుంది. నా వాచీలో ఒంటిగంటా పది. చక్రం మీద పదీ నలభై. పళ్లు ఎవరూ కదపలేదు. ఎనిమిదికీ ఆరుకీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"రెండున్నర గంటలు కరెంటు పోయి ఉండాలి," అన్నాడు గడియారం.

కరెంటు గదిలో పుస్తకం చూశాం. నెల రోజులుగా ఒక్క నిమిషం కూడా పోలేదు. పోయినా జనరేటర్ అందుకుంటుంది. అంటే ఈ ఒక్క బోర్డే ఆగింది. బోర్డు ప్లగ్గు ఎవరో పీకారు.

"శనివారం మధ్యాహ్నం కెమెరా ఏం చూపిస్తోంది?" అన్నాను.

గడియారం మొహం నెమ్మదిగా మారింది. "శనివారం రెండూ పది నుంచి నాలుగూ నలభై దాకా రికార్డింగు లేదు. హార్డ్ డిస్కు తేడా అన్నారు. చావు మంగళవారం కదా అని నేను..."

"ఎవరన్నారు?"

"ఆఫీసులో అన్నారక్కా. ఎవరో అన్నారు. రాసుకోలేదు."

అతను రాసుకోలేదని ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు.

శనివారం ఒంటిగంటకు కేంద్రం మూసేస్తారు. రెండూ పదికి ఎవరో ఈ గదిలోకి వచ్చారు. తలుపు పక్కనుంచి చెయ్యి చాచి, కెమెరా ఆపడానికి ప్లగ్గు పీకారు. అదే బోర్డు మీద టైమర్ ఉందన్న సంగతి పట్టించుకోలేదు. నాలుగూ నలభైకి మళ్లీ పెట్టి వెళ్లిపోయారు. కెమెరా తన టైము తానే సరిచేసుకుంది. చక్రానికి ఆ తెలివి లేదు. ముసలమ్మని చంపాలని ఎవరూ అనుకోలేదు. ఇదంతా వరసగా అర్థమయ్యాక నాకు ముందుకంటే ఎక్కువ అయోమయంగా ఉంది. రెండున్నర గంటలు ఆ గదిలో ఏం చేశారు? చేపలు ముప్ఫై ఒకటీ లెక్కకు సరిపోయాయి. రాళ్లు ఉన్నాయి. పంపులున్నాయి. పోయిందేమీ లేదు.

మూడింటికి డైరెక్టర్ గారు మమ్మల్ని పిలిపించారు. అరవై దాటిన సన్నటి ఆవిడ. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నారు.

"అంటే ఆయన పొరపాటు చేశారంటారు."

"పొరపాటు కూడా కాదండీ. ఆయన నియమం ఆయన పాటించారు. దీపం మోసం చేసింది."

"టైమర్ వెనకబడిందని బోర్డు మీటింగులో చెబితే ఎవరూ నమ్మరు. ప్లగ్గు పీకినవాళ్లు ఏం పట్టుకెళ్లారో చూపించండి. ఐదు దాకా టైముంది." ఆవిడ గొంతులో కోపం లేదు. నిద్ర లేని మనుషుల గొంతు అది. దుఃఖమో, మరొకటో నాకు తెలియలేదు.

బయటకు వచ్చాక మామయ్యను అడిగాను. "ముసలమ్మని ఇప్పుడెక్కడ ఉంచారు?"

"చల్లగదిలో ఉంచారట, సాక్ష్యం కింద."

"మీరు చూశారా?"

చెల్లెలే చెప్పింది. "చూడలేదు మేడమ్. మంగళవారం మూడింటికి వేరేవాళ్లు తీసి పెట్టారు. మా అన్నయ్య అటు తిరిగి నిలబడ్డాడు."

"చూడాలి మామయ్యా."

"మీరు చూడండమ్మా. చాలదూ?"

"నాకు చూడ్డం తెలియదు. ఆవిడ ఒంటి మీద ఏది కొత్తో ఏది పాతో మీకే తెలుసు."

ఆయన పంపుల గది గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నేను తొందరపెట్టలేదు. నా వాచీలో మూడూ ఇరవై అయింది, ముప్ఫై అయింది. వెళ్లి చూడకపోతే ఇంకా పూర్తిగా పోనట్టే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. చివరికి చెల్లెలు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పద అన్నయ్యా. నేనున్నాగా," అంది. అప్పుడు కదిలాడు.

చల్లగదిలో తెల్లటి తొట్టెలో ఉంది ముసలమ్మ. రంగు పోయింది. కొమ్మల సందుల్లో అక్కడక్కడ పలచటి చర్మం ఇంకా అంటుకుని ఉంది. మామయ్య మొదట కళ్లు మూసుకున్నాడు. తర్వాత చేతులు కడుక్కుని, తుడుచుకుని, రోగిని ముట్టుకునే డాక్టరులా ముందు వైపు నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో కొమ్మనూ వేలితో తడిమాడు. గడియారం తలుపు దగ్గర నిలబడి ఏదో అనబోయాడు. నర్సమ్మ అతని వైపు చూసింది. అతను మానేశాడు.

"వెనక వైపు తిప్పాలి. పట్టుకోండి," అన్నాడు మామయ్య.

ముగ్గురం కలిసి తిప్పాం. ట్యాంకులో గోడ వైపు ఉండే భాగం అది. ముందు నుంచి కనపడదు. మామయ్య ప్రతి శుక్రవారం పిడి ఉన్న అద్దం నీళ్లలో పెట్టి ఆ వైపు చూసేవాడట.

ఆయన వేలు ఒకచోట ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఇక్కడ కొమ్మ లేదు."

"విరిగిందా?"

"విరగలేదు. కోశారు. ఇదిగో ఇక్కడొకటి. ఇదొకటి. ఇదొకటి. నాలుగు." ఆయన నా వైపు చెయ్యి చాచాడు. "భూతద్దం ఇటియ్యండమ్మా."

కోసిన చోటు తెల్లగా, చదునుగా ఉంది. మామయ్య నన్ను అంచు చూడమన్నాడు. కోత అంచు చుట్టూ వెంట్రుకవాసి మేర పలచటి చర్మం లోపలికి మడతపడి పాకింది.

"మంగళవారం తీసేటప్పుడు విరిగి ఉండొచ్చుగా," అన్నాడు గడియారం. ఈసారి వాదించడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాడు.

"చచ్చినదానికి చర్మం ఎక్కదు బాబూ. కోసినప్పుడు ప్రాణముంది. కోసిన తర్వాత రెండు మూడు రోజులు బతికింది. గాయం మానుతోంది." మామయ్య భూతద్దం దించాడు. "శుక్రవారం అద్దంలో చూశాను. నాలుగూ ఉన్నాయి."

శనివారం రెండూ పది నుంచి నాలుగూ నలభై. పోయిందేమీ లేదని నేను రాసుకున్న వాక్యాన్ని కొట్టేశాను.

నర్సమ్మ ముందుగా అంది. "అన్నయ్యా, అయితే ఆ నాలుగు ముక్కలూ..."

"బతికే ఉండాలి. బొటనవేలంత ముక్క చాలు. నీళ్లూ వెలుతురూ సరిగ్గా ఉంటే మళ్లీ..." ఆయన అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. రెండు రోజులుగా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. చెల్లెలు పక్కన నిలబడి ఊరుకోమని అనలేదు.

ఏడుపు ఒక్కసారిగా ఆగింది. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు.

"శనివారం చట్రంలో అరవై నాలుగు."

"అవును."

"ఆ ముక్కల మీద కూడా పురుగులుంటాయి. చిన్న తొట్టెలో పెట్టి ఉంటారు. చిన్న తొట్టె, మంచి వెలుతురు. ఈ పాటికి నిండిపోయి ఉంటాయి."

"తీసుకెళ్లినవాళ్లకు పురుగులు లాగడం తెలియదా?"

"ఇక్కడివాళ్లైతే నా కాగితం చూసి చేస్తారు. అల్మారా తలుపు మీద నేనే అంటించాను. కొత్త ముక్క వస్తే విడిగా ఉంచాలి. ఐదు రోజులు ఆగాలి. ఆరో రోజు దీపాలారే వేళకి మందు వేయాలి. చట్రం సంగతి అందులో లేదు. అది నా పలక మీద, నా బుర్రలో ఉంది. మన దగ్గరికొచ్చే కొత్త ముక్కల మీద ఎప్పుడూ నాలుగో ఐదో పురుగులే ఉండేవి. అందుకని రాయలేదు."

శనివారం ఒకటి. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. గురువారం ఆరు.

గడియారం మెల్లగా అన్నాడు. "మందు ప్రమాదం కాదని స్టాఫందరికీ చెప్పింది నేనే."

నలుగురం మందుల అల్మారా దగ్గరకు వెళ్లాం. అది పంపుల గది పక్కన, నడవాలో ఉంది. మామయ్య రాసిన కాగితం తలుపు మీదే ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. తలుపుకు తాళం వేసి ఉంది. గడియారం జేబులోంచి తాళంచెవి తీశాడు. మంగళవారం మామయ్య దగ్గర తీసుకున్నది. మిగతావి రెండు. ఒకటి డైరెక్టర్ గారి దగ్గర, ఒకటి స్టోరు గుమాస్తా దగ్గర.

"మందు ఎన్ని సీసాలు ఉండాలి?" అన్నాను.

"రెండు. ఒకటి నేను వాడింది, ఈ బాబు తీసుకుని సీలు వేశాడు. రెండోది మూత తీయనిది, పై అరలో."

పై అర ఖాళీగా ఉంది. దుమ్ములో సీసా అడుగంత గుండ్రటి జాగా శుభ్రంగా ఉంది.

"నిన్న సాయంత్రం ఐదింటికి అన్నీ లెక్క చూసి తాళం వేశాను," అన్నాడు గడియారం. "రెండోది ఉంది. నా కళ్లతో చూశాను. టైము రాసుకున్నాను." నా వైపు తిరిగాడు. "అక్కా, తాళంచెవి నా జేబులోనే ఉంది. నన్ను కూడా లెక్కలో వేసుకో."

"వేసుకున్నాను," అన్నాను.

అప్పుడు నాలుగూ ఇరవై. కేంద్రమంతటా మైకులో చెప్పించేద్దామంది నర్సమ్మ. చెబితే ఆ మనిషి భయపడి ముక్కల్ని కాలవలో పారేస్తాడన్నాడు గడియారం. చెప్పకపోతే ఆరింటికి మందు పోస్తాడంది ఆవిడ. ఇద్దరూ మామయ్య వైపు చూశారు. ఆయన తన కాగితం దగ్గర నిలబడి, జేబులోంచి పెన్సిల్ తీసి, ఆరో రోజు అన్న వాక్యం కింద మరో వాక్యం రాస్తున్నాడు. ముందు లాగండి, దీపం వెలిగిన మూడు గంటలకు లెక్కపెట్టండి, పదికి మించితే మందు వేయకండి. రాయడం అయ్యాక అది చదవాల్సిన మనిషి అక్కడ లేడని ఆయనకు గుర్తొచ్చినట్టుంది. పెన్సిల్ జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

డైరెక్టర్ గారు ఎక్కడున్నారని ఆఫీసుకు ఫోన్ చేశాను. ఐదు దాకా టైమిచ్చినావిడ మూడున్నరకే ఇంటికి వెళ్లారన్నారు. స్టోరు గుమాస్తా ఈ రోజు సెలవు పెట్టాడు. ఇద్దరి ఇళ్లు ఊరికి చెరో వైపు ఉన్నాయి. ముక్కల్ని గుర్తుపట్టి కాపాడగలిగింది మామయ్య ఒక్కడే, ఆయన్ని ఆరు లోపల ఒక్క ఇంటికే తీసుకెళ్లగలం. ఇద్దరి ఫోన్లూ మోగుతున్నాయి, ఎవరూ ఎత్తడం లేదు.

మామయ్య నిర్దోషి అని కాగితం మీద రాయించాల్సి ఉంది. నాలుగు ముక్కలు ఎవరి దగ్గరున్నాయో తెలుసుకోవాల్సి ఉంది. మందు పోయవద్దని ఆ మనిషికి ఇంకా ఎవరూ చెప్పలేదు.